మూడో గోల్‌కీపరు భుజం

మా టాల్‌ఫోర్స్ లైబ్రరీలో ఆటగాళ్ళ జీవితచరిత్రలు ఒక అర నిండా ఉన్నాయి. అన్నీ చదివాను. అన్నీ గెలిచినవాళ్ళవే. మొదట్లో పేదరికం, మధ్యలో ఒక గాయం, చివర కప్పు. ఒక పెద్ద జట్టులో రెండేళ్ళకు పైగా మూడో గోల్‌కీపరుగా ఉండి, పై లీగులో ఒక్క నిమిషమైనా ఆడకుండా ఇంటికి తిరిగొచ్చినవాడి గురించి ఒక్క పేజీ లేదు. అలాంటివాళ్ళే ఎక్కువమంది ఉంటారని నా అనుమానం. అందుకే హెన్నింగ్ బ్రోమన్ గురించి రాస్తున్నాను. ఆ క్లబ్బు పేరు మాత్రం రాయను. రాయొద్దని వాడే అడిగాడు. అడగకపోయి ఉంటే పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి.

హెన్నింగ్ వాళ్ళ నాన్న మా సామిల్లులో పెద్ద రంపం దగ్గర పనిచేసేవాడు. వాడికి ఆరేళ్ళప్పుడు ఇంకొకావిడతో దక్షిణాదికి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ మారితది ముసలివాళ్ళ ఇళ్ళకు తిరిగి మందులిచ్చి, స్నానాలు చేయించే ఉద్యోగం. నాన్న వెళుతూ వెళుతూ వదిలేసిన మిల్లు తొడుగులు, దళసరి తోలువి, ఇంట్లో పడి ఉండేవి. మా కోచ్ రోలాండ్ మొదటిరోజు మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టి, గోల్‌లో ఎవరు నిలబడతారని అడిగితే, చలికి ఆ తొడుగులు వేసుకొచ్చిన హెన్నింగ్‌ని చూసి అందరం వాణ్ణే ముందుకు తోశాం. వాడు గోల్‌కీపరు అయింది అలా.

అప్పట్లో మా మైదానం కంకరది. దానిమీద పక్కకి దూకితే తుంటి మీద చర్మం లేచిపోయేది. మారిత వాడి ప్యాంటు లోపల పాత స్వెట్టరు ముక్కలు కుట్టిపెట్టేది. అవి రెండు వారాలకి చిరిగిపోయేవి, మళ్ళీ కుట్టేది. వాడు ఏడ్వగా నేను చూడలేదు. దూకడం మానగా కూడా చూడలేదు. నేను వాడి ముందు ఎడమ బ్యాక్‌గా ఆడేవాణ్ణి కాబట్టి వాడు దూకిన చప్పుడు నాకు వీపుకి తెలిసేది.

పన్నెండేళ్ళప్పుడు జిల్లా కప్పు ఫైనల్‌లో ఒక బంతి వాడి చేతులకి తగిలి, గీత దాటి, మళ్ళీ బయటికి వచ్చింది. రెఫరీ, ఆడే పిల్లల్లో ఎవరి తండ్రో. అతనికి ఎవరో అడ్డొచ్చారు, చూడలేదు. ఆట కొనసాగుతోంది. హెన్నింగ్ చెయ్యెత్తి, "లోపలికి పోయింది" అన్నాడు. ఆ ఒక్క గోలుతో ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో వాడి మీద పడ్డాను. "నీకెవరు చెప్పమన్నార్రా?"

"ఎవరూ చెప్పమనలేదు."

"మరి?"

"లోపలికి పోయింది కదరా."

రోలాండ్ పెదవి కింద పొగాకు ముద్ద సర్దుకుంటూ వచ్చి, "టూరే, నోర్ముయ్. వాడు చెప్పింది నిజం. నిజం చెప్పినవాణ్ణి తిట్టే జట్టు నాకొద్దు" అన్నాడు. వారం రోజులు నేను ఇద్దరితోనూ మాట్లాడలేదు.

పదహారేళ్ళకి తీరంలోని పెద్ద క్లబ్బు వాణ్ణి తీసుకుంది. ఒక వితంతువు గ్యారేజీ పైన గది, పొద్దున ఫుట్‌బాల్ పాఠశాల, సాయంత్రం సాధన. పద్దెనిమిదికి పెద్దల జట్టులోకి రాశారు. మూడో గోల్‌కీపరుగా. ఆ పదవి ఏమిటో మాకు ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. సామిల్లు క్యాంటీన్‌లో వాడి ఫొటో పెట్టారు. పై లీగు జట్టులో టాల్‌ఫోర్స్ కుర్రాడు అని కింద రాశారు.

మూడో గోల్‌కీపరు చేసే పని, మిగతా ఇద్దరినీ ఆటకి సిద్ధం చెయ్యడం. బంతుల సంచి మోసుకెళ్ళేది వాడే. వాళ్ళ చేతులు వేడెక్కేదాకా బంతులు తన్నేది వాడే. మ్యాచ్ మొదలయ్యాక వాడికి బెంచీ మీద కూడా చోటుండదు. క్లబ్బు కోటు తొడుక్కుని ప్రేక్షకుల మధ్య కూర్చుంటాడు. పక్కన కూర్చున్న పిల్లలు, నువ్వెవరు అని అడుగుతారు.

ఒక వేసవిలో ఇంటికొచ్చినప్పుడు నది ఒడ్డున కూర్చుని వాణ్ణి అడిగాను. "నిజం చెప్పు. ఆ ఇద్దరికీ కాళ్ళు విరగాలని కోరుకోవూ?"

"ఛ, ఏం మాటరా అది."

"ఒక్కసారైనా?"

కాసేపు నీళ్ళలోకి రాళ్ళు విసిరాడు. "ఒకసారి రెండోవాడు వరసగా నాలుగుసార్లు తుమ్మాడు. సంతోషమేసింది. తర్వాత వెళ్ళి వాడికి మందు తెచ్చిచ్చా."

"తెచ్చిస్తావు. నువ్వు తెచ్చిస్తావని నాకు తెలుసు."

వాడికి ఇరవై ఏళ్ళప్పుడు, అక్టోబరులో, మొదటి కీపరుకి మోకాలు పోయింది. పది రోజుల తర్వాత రెండోవాడికి సాధనలో దవడ పగిలింది. లీగులో ఇంకా నాలుగు మ్యాచులున్నాయి. జట్టు అడుగునుంచి మూడో చోట వేలాడుతోంది. ఆదివారం మ్యాచ్‌కి గోల్‌లో నిలబడడానికి హెన్నింగ్ తప్ప ఎవరూ లేరు.

మంగళవారం సాయంత్రం మారితకి ఫోన్ చేశాడు. ఆవిడ అప్పుడు ఆల్వార్ అనే ముసలాయన వీపు రుద్దుతోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నది. ఆల్వార్‌కి చెవులు వినపడవు, అయినా ఆవిడ అరిచిన అరుపు వినపడిందని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. బుధవారం కల్లా రోలాండ్ బస్సు మాట్లాడాడు. నలభై ఆరు మంది పేర్లిచ్చారు. మిల్లులో ఆదివారం షిఫ్టు ఉన్నవాళ్ళు షిఫ్టులు మార్చుకున్నారు. మా ఊరివాళ్ళు ఒకరి గురించి ఒకరు గొప్పగా చెప్పుకోరు. అది మాకు సిగ్గు. ఆ బుధవారం మాత్రం దుకాణంలో అమ్మాయి నా చిల్లర తిరిగి ఇస్తూ, "మనవాడు ఆడుతున్నాడట" అంది.

గురువారం సాధన అయ్యాక ఏం జరిగిందో నాకు మూడు నెలల తర్వాత గానీ తెలియలేదు. అయినా జరిగిన చోటే చెబుతాను.

ఆ రోజు పేడర్ వాణ్ణి తన గదికి పిలిచాడు. ఆటగాళ్ళని తీసుకోవడం, పంపించడం చూసే మేనేజరు అతను. గదిలో జట్టు కోచ్ ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు. బల్ల మీద కాఫీ, దాల్చినచెక్క బన్నులు.

"కూర్చో హెన్నింగ్. బన్ను తీసుకో, మా ఆవిడ చేసింది."

తీసుకున్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుంది. రెడీగా ఉన్నా."

"ఉన్నావని మాకు తెలుసు. నీ మీద ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు." పేడర్ కోచ్ వైపు చూశాడు. కోచ్ తన కప్పులోకి చూసుకున్నాడు. "కానీ కింద లీగుకి పోయామంటే ఆఫీసులో సగం మందికి పని ఉండదు. క్యాంటీన్‌లో గున్వోర్‌కి కూడా."

"తెలుసు."

"డెన్మార్కులో ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏడేళ్ళు. మూడొందల మ్యాచులు ఆడాడు. రమ్మంటే రేపే వస్తాడు. కానీ ఈ నెలలో బయటివాణ్ణి తెచ్చుకోవాలంటే ఫుట్‌బాల్ సమాఖ్య ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. మన దగ్గర నిలబడగలిగిన కీపరు ఒక్కడూ లేడంటేనే ఒప్పుకుంటారు."

"నేనున్నా కదా."

"అవును. నువ్వున్నావు."

తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదట. డాక్టరు కాఫీ పోశాడు. పోస్తూ, "ఆగస్టులో కుడి భుజం కొంచెం లాగుతోందన్నావు" అన్నాడు.

"అది రెండు రోజుల్లో పోయింది."

"అలాంటివి మళ్ళీ వస్తుంటాయి."

మా దేశంలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞలివ్వరు. అదంటే మాకు గర్వం కూడా. కాఫీ పోసి, చుట్టూ కూర్చుని, వాళ్ళకి కావలసిన మాట నీ నోటినుంచే వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తారు. వచ్చాక అందరం కలిసి నిర్ణయించుకున్నాం అంటారు. కేకలేసి బెదిరించి ఉంటే హెన్నింగ్ ఎదురుతిరిగేవాడేమో. కేకలకి ఎదురు నిలబడడం వాడికి తెలుసు. ఎదురుచూపుకి ఏం చెయ్యాలో తెలియలేదు.

"నేనేం చెయ్యాలంటారు?" అని అడిగాడు.

"అది మేం చెప్పకూడదు హెన్నింగ్. నిన్నెవరూ బలవంతపెట్టట్లేదు. జట్టుకి ఏది మంచిదని నీకనిపిస్తే అది."

వాడు బన్ను మీది చక్కెర పలుకులు ఒక్కొక్కటీ వేలితో తీసి పళ్ళెంలో పెట్టాడు. "భుజం బాగాలేదని నేనంటే సరిపోతుందా?"

పేడర్ ఊపిరి వదిలాడు. "నువ్వంటే సరిపోతుంది. వచ్చే ఏడు నిన్ను మర్చిపోం."

భుజం లోపల నరం చిరిగిందని డాక్టరు రాశాడు. కింద హెన్నింగ్ సంతకం పెట్టాడు. చేతిని మెడకు వేలాడదీసే కట్టు ఒకటి ఇచ్చి, బయట తిరిగేటప్పుడు వేసుకోమన్నారు, పత్రికలవాళ్ళు చూస్తారు కాబట్టి. అంతే చెప్పారు. బయట తిరిగేటప్పుడు.

హెన్నింగ్ ఆ కట్టు ఏడు వారాలు తియ్యలేదు. గదిలో ఒక్కడే ఉన్నప్పుడూ తియ్యలేదు, నిద్రలోనూ తియ్యలేదు. ఎడమచేత్తో తిన్నాడు, ఎడమచేత్తో బూట్లు కట్టుకున్నాడు. స్నానం చేసేటప్పుడు కూడా చేతిని పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. ఇంట్లో ఎందుకురా, ఎవరు చూస్తారు అని నేను తర్వాత అడిగితే, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు చూశాడు. "బయట వేసుకుని ఇంట్లో తీసేస్తే అది మోసం కదరా" అన్నాడు.

హెన్నింగ్ భుజం పాడైంది, ఆడడని శుక్రవారం మధ్యాహ్నం మాకు తెలిసింది. రోలాండ్ బస్సు వాడికి ఫోన్ చేసి, "రద్దు చేస్తే ఒప్పుకుంటావా?" అని అడిగాడు. వాడు ఒప్పుకోలేదు. కొందరు, మేం రాం అన్నారు. మారిత మాత్రం, "ఆడకపోతే వాడు నా కొడుకు కాకుండా పోతాడా? నేను వెళుతున్నా" అంది. చివరికి ముప్పై మందిమి వెళ్ళాం. దారిలో ఎవరూ పాడలేదు.

మ్యాచ్‌కి హెన్నింగ్ మా మధ్యే కూర్చున్నాడు, అమ్మ పక్కన, కట్టుతో. మారిత, ఆవాలముద్ద రాసి రొట్టెలో పెట్టిన సాసేజీ కొనుక్కొచ్చి, ముక్కలుగా తుంచి వాడి ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, నేను తినగలను. ఎడమచెయ్యి ఉంది."

"ఎడమచేత్తో ఆవాలముద్ద అంతా కోటుకి పూస్తావు. నోరు తెరు."

వెనకవాళ్ళు నవ్వారు. వాడు నోరు తెరిచాడు.

రెండో సగంలో ఎదుటి జట్టుకి పెనాల్టీ వచ్చింది. డెన్మార్కాయన కుడివైపుకి దూకి ఆపాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. హెన్నింగ్ కూడా లేచి, చప్పట్లు కొట్టడానికి రెండో చెయ్యి లేక ఎడమచేత్తో తొడ మీద కొట్టుకున్నాడు.

రోలాండ్ వాడి చెవిలో, "నువ్వైతే ఎటు దూకేవాడివి?" అన్నాడు.

"కుడివైపే. వాడు ఎప్పుడూ అటే తంతాడు. నిన్న ఆయనకి నేనే చెప్పా."

ఆట అయ్యాక ఆ డెన్మార్కాయన బురద బట్టలతోనే మెట్లెక్కి మా దగ్గరికొచ్చాడు. నుదురు చెమటలు కక్కుతోంది. "భుజం ఎలా ఉంది? నీ చోట నిలబడ్డాను, ఏమీ అనుకోకు. ఈ రోజు నీదే కావలసింది" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆయనకేమీ తెలియదు. హెన్నింగ్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. గాయానికి సానుభూతి చూపిస్తే సిగ్గుపడుతున్నాడని మేమనుకున్నాం. మారిత ఆయన చెయ్యి పట్టుకుని, మంచివాడివి బాబూ అంది.

క్లబ్బు ఒక్క పాయింటుతో బయటపడింది. నవంబరు చివర పేడర్ మళ్ళీ కాఫీ పోశాడు. డెన్మార్కాయనకి ఇంకో రెండేళ్ళు రాశారట. హెన్నింగ్ ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుంది.

"నీ భుజం సంగతి తేలకుండా కొత్తది రాయలేం హెన్నింగ్. అర్థం చేసుకుంటావు నువ్వు."

"నా భుజానికేం కాలేదని నీకు తెలుసు కదా పేడర్."

"నాకు తెలుసు. బోర్డుకి తెలియదు. కాగితం మీద ఏముందో అదే బోర్డుకి తెలుస్తుంది. ఆ కాగితాన్ని నేనెలా కాదంటాను చెప్పు? అంటే ఏమవుతుందో నీకు తెలుసు."

పేడర్ లేచి చెయ్యి చాచాడు. హెన్నింగ్ కట్టులోంచి కుడిచెయ్యి తీసి ముందుకు చాచబోతే, అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. మిగతా సగం పేడరే ముందుకొచ్చి అందుకున్నాడు. ఇన్నాళ్ళూ కట్టులో ఉంది కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాడు హెన్నింగ్.

జనవరిలో పడమటివైపు ఒక చిన్న క్లబ్బు, రెండు లీగులు కిందది, వాణ్ణి ట్రయల్స్‌కి రమ్మంది. వాళ్ళకి కీపరు కావాలి. అదే వాడికి మిగిలిన ఒకే ఒక్క పిలుపు. మిగతా క్లబ్బులన్నీ ఫోన్‌లో ఒకటే అడిగాయి, భుజం సంగతేమిటని. మా కార్లలో గేరు కుడిచేతి వైపుంటుంది, వాడి చేత్తో మార్చడం కష్టమని నేను నా కారులో తీసుకెళ్ళాను. ఆరు గంటల దారి, రెండువైపులా మంచు. దారిలో కాఫీకి ఆగినప్పుడు, ఫ్లాస్కు మూత ఎడమచేత్తో తిప్పలేక తొడల మధ్య ఇరికించుకుని తిప్పుతూ, వాడు మొత్తం చెప్పాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే పత్రికకి ఫోన్ చేస్తా."

"వద్దు."

"నువ్వు చెయ్యకు. నేను చేస్తా. నాకెవరి కాఫీ రుణమూ లేదు."

"టూరే, వద్దన్నానా. బయటపడితే ఆ నాలుగు మ్యాచుల పాయింట్లూ తీసేస్తారు. కింద లీగుకి పోతారు. గున్వోర్..."

"గున్వోర్ నీకేమవుతుందిరా?"

"రోజూ అడక్కుండా రెండోసారి వడ్డించేది."

"రెండోసారి వడ్డించిందని చెయ్యి ఇచ్చేస్తావా? జిల్లా కప్పులో ఎవరూ అడక్కుండానే చెప్పావు, బంతి లోపలికి పోయిందని. అందరి నోట్లో మట్టి కొట్టావు. ఇప్పుడేమైంది ఆ నోరు?"

"అప్పుడు నష్టపోయింది మనమే కదరా" అన్నాడు. "ఇప్పుడు పోయేది వేరేవాళ్ళది."

నేను ఫోన్ జేబులో పెట్టుకుని కారు తీశాను.

ట్రయల్స్ ఒక షెడ్డులో, ప్లాస్టిక్ గడ్డి మీద. మొదటి రెండు బంతులు ఎడమవైపు వచ్చాయి. రెండూ పట్టాడు. రెండోదాన్ని గాలిలో అడ్డంగా తేలి వేళ్ళ చివర్లతో అందుకుంటే గోడ దగ్గర నిలబడ్డ ముసలి కోచ్ "ఆహా" అన్నాడు. నాకు బాగా గుర్తుంది. మూడోది కుడివైపు, నడుమెత్తున వచ్చింది. వాడి కాళ్ళు లేచాయి, నడుం లేచింది, చెయ్యి లేవలేదు. బంతి మోచేతి పైనుంచి పోయింది. నాలుగోదీ అంతే. ఆరోదానికి వాడు కిందపడి, లేవడానికి మోకాళ్ళూ ఎడమచెయ్యీ వాడుకున్నాడు.

ఆ క్లబ్బు వాళ్ళ డాక్టరు పరీక్ష చేయించింది. పెద్ద వయసావిడ, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తెర మీది బొమ్మని చాలాసేపు చూసింది.

"నరం చిరిగిందని రాసింది మీ క్లబ్బు. ఇక్కడ చిరిగిన గుర్తే లేదు. కానీ కీలు బిగుసుకుపోయింది. ఎన్నాళ్ళు కట్టులో పెట్టావు?"

"ఏడు వారాలు."

"ఏడు వారాలా? రాత్రీ పగలూనా? ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలేదు."

ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించుకుని వాణ్ణి చూసింది. కదలకుండా ఉంచితే మంచి భుజమే ఇలా అవుతుందంది. వ్యాయామాలతో ఏడాదిలో రావచ్చు, రెండేళ్ళు పట్టవచ్చు, మొత్తం ఎప్పటికీ రాకపోవచ్చు. గోల్‌కీపరుకి ఆ మిగిలినదే కావాలి కదా, అంది. ఆ మాట అన్నందుకు బాధపడినట్టు వాడి వీపు తట్టింది.

తిరిగొచ్చేటప్పుడు రెండు గంటలు వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు.

"చూశావా టూరే. చివరికి నేను చెప్పింది అబద్ధం కాలేదు."

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

మారితకి వాడు ఇంత కూడా చెప్పలేదు. ఆ చలికాలమంతా ఆవిడ పనినుంచి రాగానే గోధుమగింజల దిండు మైక్రోవేవ్‌లో వేడిచేసి వాడి భుజం మీద వేసేది. వేసి, చేతిని పట్టుకుని కొంచెం కొంచెంగా పైకెత్తేది. ముసలివాళ్ళ ఒళ్ళు చూసిన చెయ్యి ఆవిడది, తెలియకుండా ఎలా ఉంటుంది.

"ఏ బంతికి అయిందిరా ఇది?"

"గుర్తులేదమ్మా."

"ఎముక విరిగిన రోజు నా ముసలివాళ్ళకి కూడా గుర్తుంటుంది. తమ పేరు మర్చిపోయినవాళ్ళకి గుర్తుంటుంది." ఇంకో అంగుళం ఎత్తింది. వాడు పళ్ళు బిగించాడు. "ఆల్వార్‌కి ఇలా ఉంటుంది భుజం. ఆయనకి ఎనభై నాలుగు. అక్కడ నిన్నెవరైనా ఏమైనా చేశారా?"

"లేదమ్మా. అందరూ బాగా చూసుకున్నారు."

నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఆవిడ నా వైపు చూసింది. నేను తల వంచుకుని ఇంకో దుంప తీసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి, ఆ దుంప వాటిలో ఒకటి.

మార్చిలో వాడు మిల్లులో చేరాడు. కోసిన చెక్కపలకలు ఏరే చోట, ఎడమచేత్తో చేసే వైపు. క్యాంటీన్‌లో ఫొటోని ఎవరో మర్యాదగా తీసేశారు. ఏప్రిల్‌లో మంచు కరిగాక రోలాండ్ సాధన మొదలుపెట్టాడు. మా గోల్‌లో నిలబడేది రోలాండ్ తమ్ముడు, నలభై నాలుగేళ్ళవాడు, వంగితే లేవడు. మూడో వారం హెన్నింగ్ కంచె అవతల నిలబడి చూస్తుంటే రోలాండ్ కేకేశాడు.

"అక్కడ నిలబడి బెర్రీపళ్ళు ఏరుతున్నావా? రా లోపలికి. సరదాగా నాలుగు బంతులు ఆపు."

"చెయ్యి బాగాలేదు రోలాండ్."

"మా తమ్ముడికి కాళ్ళూ చేతులూ నాలుగూ బాగాలేవు. రా."

వాడు నవ్వి, కంచె దాటాడు. రోలాండ్ తమ్ముడి గ్లౌజులు వేసుకుని గోల్‌లో నిలబడ్డాడు. మేం వరసగా తన్నాం. వాడు ఒకటి పట్టాడు, రెండు పట్టాడు, ఐదు పట్టాడు. అందరూ అరుస్తున్నారు. మిల్లు నుంచి ఇంటికెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. వాడి ముఖంలో పాత వెలుగు కనబడింది, ఏదో వెతుక్కున్నది జేబులోనే దొరికినట్టు.

ఎనిమిదో బంతి పట్టి, దాన్ని చేతిలోనే పెట్టుకుని, వాడు మా అందరి వైపూ చూశాడు.

"కుడివైపు కొట్టండి."

"కొడుతున్నాం కదరా" అన్నాడు రోలాండ్.

"కొట్టట్లేదు. ఒక్కరూ కొట్టట్లేదు."

ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదు అది. ఎవరికి వాళ్ళే ఎడమవైపు తంతున్నాం, నెమ్మదిగా, చేతికందేలా. పదకొండుమందిమి నేల చూపులు చూశాం. బంతి నా కాళ్ళ దగ్గరికి దొర్లించి, "టూరే, నువ్వు కొట్టు" అన్నాడు. ఇంకెవర్ని అడిగినా కొట్టరని వాడికి తెలుసు. నేను కుడివైపు, కొంచెం ఎత్తుగా, గట్టిగా కొట్టాను. వాడు దూకాడు. పడిన చప్పుడు కంకర రోజుల్లో లాగే ఉంది. బంతి వెనక గుంటలోకి పోయింది.

లేచి, మోకాళ్ళు దులుపుకుని, వాడే వెళ్ళి బంతి తెచ్చాడు. గ్లౌజులు తీసి రోలాండ్ తమ్ముడికిచ్చాడు.

"వెనక కుడివైపు ఎవరైనా ఉన్నారా మీకు?" అని అడిగాడు.

రోలాండ్ గొంతు సవరించుకున్నాడు. "ఉన్నాడు గానీ, వాడు పరిగెత్తడు."

"నేను పరిగెత్తుతా."

ఆ తీరం క్లబ్బు ఆ ఏడు అక్టోబరులో కింద లీగుకి పోయింది, డెన్మార్కాయన ఉండగానే. హెన్నింగ్ గున్వోర్‌కి ఫోన్ చేసి ఉద్యోగం ఉందో పోయిందో కనుక్కున్నాడు. పోయిందట. వేరేచోట బడిలో వంటపని దొరికిందట. పేడర్ ఇంకో క్లబ్బులో ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు.

హెన్నింగ్ ఇప్పుడు మాకు కుడి బ్యాక్. ఆరో డివిజను. తల బాగా వాడతాడు, ఆట ముందే చదువుతాడు. వాడివైపు బంతి గీత దాటి త్రో వస్తే మాత్రం వెయ్యలేడు. రెండు చేతులూ తలపైకి ఎత్తాలి కదా. బంతి తీసుకుని, చొక్కాకి తుడిచి, మధ్యలో ఆడేవాడు పరిగెత్తుకొచ్చేదాకా పట్టుకుని నిలబడతాడు. ఎదుటి జట్టువాళ్ళు, టైము తింటున్నాడు చూడండి అని అరుస్తారు. పోయిన శనివారం రెఫరీ అందుకే పసుపు కార్డు చూపించాడు. వాడు తల ఊపి ఊరుకున్నాడు.

"భుజం బాగాలేదని ఒక్క మాట చెప్పొచ్చు కదరా" అన్నాను.

"ఆ మాట ఇంక ఎవరికీ చెప్పను" అని వాడు తన చోటికి పరిగెత్తాడు.